పించుక్ అభిప్రాయాలు, రోస్లిన్ పెన్సిల్

లెస్టర్ పించుక్‌కి అభిప్రాయం లేని విషయమంటూ ఈ భూమ్మీద లేదు. ఉంటే అది ఇంకా ఆయన చెవిన పడలేదని అర్థం. సినిమాల మీద, పాటల మీద, టీవీలో హాస్యం పేరుతో అరిచేవాళ్ళ మీద, గవర్నర్ పదవికి నిలబడ్డవాళ్ళ మీద, యూదులంటే గిట్టనివాళ్ళ మీద, యూదులంటే ప్రాణమని మరీ గట్టిగా చెప్పుకునేవాళ్ళ మీద, బేగెల్ రొట్టెలో ఎండుద్రాక్ష వేసేవాళ్ళ మీద ఆయన తీర్పులు ఎప్పుడో అయిపోయాయి. వాటికి పైకోర్టు లేదు.

ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆయన బ్రాడ్‌విక్ మెయిన్ స్ట్రీట్‌లో వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే దుకాణం నడిపాడు. అమెరికాలోని పిట్స్‌బర్గ్ నుంచి నది వెంబడే దిగివస్తే గంట దూరంలో ఉన్న ఊరు అది. ప్రతి క్యాసెట్ డబ్బాకీ తన చేత్తో రాసిన అట్టముక్క ఒకటి అంటించేవాడు. ‘మొదటి గంట చూసి పడుకోండి.’ ‘ఈ హీరో ఏడుస్తుంటే పళ్ళ డాక్టరు దగ్గర కూర్చున్నట్టుంటుంది.’ ‘ఇందులో వడ్డీ వ్యాపారికి ముక్కు ఎందుకంత పొడుగు? మీరూ అడగండి.’ యూదుల్ని పొడుగు ముక్కులతో వెక్కిరించే ఈ చివరి రకం సినిమాలకు విడిగా ఒక అర ఉండేది. దాని మీద ‘చూసి సిగ్గుపడండి’ అని బోర్డు. జనం ముందు ఆ అర మీదే పడేవారు.

అందరికంటే ముందు పడేవాడు సాల్ వెక్స్‌మన్. వాడిది ఎదురు వరుసలో మేకులు, తాళాలు, రంగుడబ్బాల దుకాణం. ఇద్దరిదీ ఒకే బడి, యూదుల ప్రార్థన జరిగే ఒకే సినగాగ్. శనివారం పొద్దుగూకి సబ్బాతు విశ్రాంతి ముగియగానే సాల్ ఒక క్యాసెట్ పట్టుకెళ్ళేవాడు. ఆదివారం దాన్ని తెచ్చి బల్ల మీద ఠపీమని పడేసేవాడు.

“ఒరేయ్ పించుక్, నీకు ముక్కులు తప్ప ఇంకేం కనపడవురా? సినిమా బ్రహ్మాండంగా ఉంది.”

“నీకు మేకులే సరిగ్గా కనపడవు, ముక్కులేం కనపడతాయి?”

“ఇంకో అట్ట రాయి. సాల్ వెక్స్‌మన్ చూసి సంతోషించాడని రాయి.”

“రాస్తాను. గాడిదలకు కూడా నచ్చిందని రాస్తాను.”

బడి రోజుల నుంచి యాభై ఏళ్ళు ఇదే వరస. ఎదురెదురుగా నిలబడి తిట్టుకున్న తిట్టు ఎంతటిదైనా కాఫీ చల్లారేలోపు చల్లారిపోయేది.

క్యాసెట్ల కాలం పోయింది, దుకాణం మూతపడింది, అభిప్రాయాలు మాత్రం మూతపడలేదు. లెస్టర్ కంప్యూటర్ ముందు కూర్చుని వారం వారం ‘పించుక్ మాట’ అని రాయడం మొదలుపెట్టాడు. కంప్యూటర్ లేని ముసలివాళ్ళ కోసం పది కాపీలు అచ్చుతీసి సినగాగ్‌లో కాఫీ బల్ల మీద పెట్టేవాడు. అయితే ఏ కాపీ గడప దాటాలన్నా ముందు రోస్లిన్ పెన్సిల్ కింద నుంచి పోవాలి. రోస్లిన్ ఆయన భార్య. నలభై ఏళ్ళు నాలుగో తరగతి పిల్లల రాత దిద్దిన మనిషి. వంటింటి బల్ల దగ్గర కూర్చుని చదివి, పనికిరాని వాక్యం మీద అడ్డంగా ఒక గీత గీసేది.

“ఇది నిజమే కదా! ఎందుకు కొట్టేశావు?”

“నిజమే. కానీ ఇది చదివాక అవతలాయన నీతో మాట్లాడతాడా?”

“నిజం చెబితే మాట్లాడనివాడు మాట్లాడకపోతేనేం?”

“మరి నీ నిజాలన్నీ ఎవరికి చెప్పుకుంటావు? నా ఫ్రిజ్‌కా?”

లెస్టర్ గొణుక్కుంటూ ఆమె కొట్టేసిందల్లా తీసేసేవాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆయన నోటికి ఆ మంచితనమంతా రోస్లిన్ పెన్సిల్ పెట్టిన భిక్షే.

ఒక వసంతంలో, తెల్లారి లేచి చూసేసరికి, వాళ్ళ గ్యారేజీ తలుపు మీద నిలువెత్తు నాజీ గుర్తు నల్లరంగుతో గీసి ఉంది. లెస్టర్ మెట్టు మీద కూలబడ్డాడు.  తెల్లరంగు డబ్బా, రెండు కుంచెలు పట్టుకుని సాల్ వచ్చాడు. పోలీసులు ఫొటోలు తీసుకుని వెళ్ళాక, రోస్లిన్, సాల్ కలిసి తలుపంతా పూశారు. రెండు పూతలు వేసినా నలుపు కింది నుంచి తొంగిచూస్తూనే ఉంది. “మూడోది వేస్తాను, నువ్వు లోపలికి పో” అన్నాడు సాల్.

ఆ రోజు నుంచి లెస్టర్ రాతలో నవ్వు తగ్గిపోయింది. ప్రతి సినిమాలో, ప్రతి పాటలో, ప్రతి ఉపన్యాసంలో ఆయనకు ఆ తలుపే కనిపించేది. భ్రమపడ్డాడని తోసెయ్యడానికీ లేదు, సగం సార్లు ఆ నలుపు నిజంగానే అక్కడ ఉండేది. సినగాగ్ తలుపుకి అంకెల తాళం, గోడకి కెమెరా ఊరికే రాలేదు కదా.

రోస్లిన్ జూన్‌లో పోయింది. పోయేముందు, ఆస్పత్రి మంచం మీద, ఒకే ఒక్కటి అడిగింది.

“నా సంవత్సరీకం రోజు మన సినగాగ్‌లో కద్దీష్ చెప్పు. మా నాన్న ఇటుకలు మోసిన గోడలవి. పిట్స్‌బర్గ్‌లో పెద్దవాటికి పోకు. నన్నెరిగిన పదిమంది ఆమెన్ అనాలి. ఇంకేం వద్దు నాకు.”

“పదిమందే కదా, పిచ్చిదానా” అన్నాడు లెస్టర్.

కద్దీష్ పోయినవాళ్ళ కోసం పలికే స్తోత్రం. అందులో చావు ఊసే ఉండదు, మొదటి నుంచి చివరిదాకా దేవుణ్ణి పొగడడమే. పదిమంది మగవాళ్ళు కూడితేనే దాన్ని పలకాలి. తొమ్మిదిమంది ఎంత గొప్పవాళ్ళైనా పలకరాదు. కొత్త పద్ధతుల సినగాగుల్లో ఆడవాళ్ళనూ లెక్కలో వేస్తారు, బ్రాడ్‌విక్‌లో వెయ్యరు. రోస్లిన్ జీవితమంతా లెక్కలోకి రాకుండానే వచ్చి కూర్చుని వెళ్ళింది. ఆమె పోయిననాటికి అక్కడ మగవాళ్ళు పద్ధెనిమిది మంది.

సెప్టెంబర్‌లో సాల్ తన ఇంటిముందు గడ్డిలో ఒక బోర్డు పాతాడు. గవర్నర్ పదవికి పోటీచేస్తున్న ఒక పెద్దమనిషి పేరు దాని మీద ఉంది. ఆ పెద్దమనిషి కిందటి నెలే ఒక టీవీ హాస్యకారుడి పక్కన కూర్చుని, యూదుల మీద వేసిన రోత జోకుకి తొడ కొట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు లెస్టర్ పదిసార్లు చూశాడు. రాత్రికి కంప్యూటర్ ముందు కూర్చుని రాసిన ముక్కలో చివరి వాక్యం ఇది: ‘ఆ బోర్డు పాతినవాడితో ఒకే కప్పు కింద ప్రార్థించేవాడు తన తాతల సమాధులు తానే తవ్విపోసినవాడు.’ పేరు రాయలేదు. బ్రాడ్‌విక్ యూదుల్లో ఆ బోర్డు ఒక్కరి గడ్డిలోనే ఉంది, పేరెందుకు?

పెన్సిల్ వంటింటి సొరుగులో పడి ఉంది. దాన్ని పట్టుకునే చెయ్యి లేదు.

పెదవి దాటితే పృథివి దాటుతుంది. అంతకుముందు వందమంది చదివితే గొప్ప అనుకునే ‘పించుక్ మాట’ని ఆ వారం వేలమంది చదివారు. ముక్కూమొహం తెలియనివాళ్ళు ‘నువ్వురా మగాడివి’ అని రాశారు. భార్య పోయి ఖాళీగా ఉన్న ఇంట్లో ఆ పొగడ్త సారాయిలా పనిచేసింది. సాల్ మాత్రం ఆ ఆదివారం రాలేదు, ఆ తరువాత ఆదివారమూ రాలేదు. వాడి వైపు మనుషులు ముగ్గురు వాడితోపాటే మానేశారు. చలికాలంలో ఇద్దరు ఫ్లోరిడా వెళ్ళి అక్కడే ఉండిపోయారు. ఇద్దరు చచ్చిపోయారు. ఒకాయన్ని కూతురు వచ్చి తీసుకుపోయింది. మిగిలింది లెస్టర్‌తో కలిపి తొమ్మిదిమంది.

మే నెలలో గోరుచుట్టు మీద రోకటిపోటు లాంటి కబురొచ్చింది. సినగాగ్ భవనాన్ని అమ్మేశారు, జూలై నెలాఖరుకి అది పసిపిల్లల బడి అవుతుంది. రోస్లిన్ తండ్రి మోసిన గోడల మధ్య రోస్లిన్‌కి జరిగే మొదటి సంవత్సరీకమే ఆఖరుది కూడా.

సంవత్సరీకం జూన్‌లో ఒక గురువారం పడింది. దానికి ముందు లెస్టర్ ఫోన్ పట్టుకున్నాడు. సాల్ వెంట వెళ్ళిన ముగ్గురిలో ఇద్దరు అసలు ఎత్తలేదు. మూడోవాడు ఎత్తాడు.

“ఎవరూ, లెస్టరా? గురువారం పొద్దున్నా? కుదరదు నాయనా. మా తాతల సమాధులు తవ్వే పనిలో ఉన్నాను, బోలెడు మిగిలిపోయింది.”

ఫోన్ పెట్టేశాడు. లెస్టర్ చాలాసేపు దాన్ని చెవి దగ్గరే ఉంచుకున్నాడు. సాల్ నంబరు నెలల తరబడి నొక్కకపోయినా వేళ్ళకు గుర్తుంది. రోజుకి నాలుగుసార్లు ఫోన్ తీశాడు, నాలుగుసార్లు పెట్టేశాడు. చివరికి సినగాగ్ వ్యవహారాలు చూసే బామ్ గారే, పాత మందుల దుకాణం ఆయన, తనంతట తాను సాల్ ఇంటికి వెళ్ళొచ్చాడు.

“ఏమన్నాడు?”

“ఏమీ అనలేదు. తలుపు మొహాన వెయ్యలేదు. అంతే నాకు తెలిసింది.”

బుధవారం పొద్దుగూకగానే ఇంట్లో సంవత్సరీకానికి పెట్టే ఇరవైనాలుగు గంటల కొవ్వొత్తి వెలిగించి, రోస్లిన్ చేతిరాత కాగితం చూసుకుంటూ లెస్టర్ తేనె కేకు చేశాడు. అది మధ్యలో కుంగిపోయింది. గురువారం పొద్దున ఏడున్నరకి దాన్నే పట్టుకుని సినగాగ్‌కి వెళ్ళాడు. గోడ మీద పోయినవాళ్ళ పేర్ల ఇత్తడి పలకల్లో రోస్లిన్ పేరు పక్కన చిన్న దీపం అప్పటికే వెలుగుతోంది. ఎనిమిదికి రావలసిన ఎనిమిదిమందీ వచ్చారు.

మనుషుల్ని ఒకటి, రెండు అని లెక్కపెట్టడం అక్కడ దోషం. పది మాటలున్న ఒక పాత ప్రార్థనని మనిషికొక మాట చొప్పున పలుకుతారు. ‘నీ జనాన్ని కాపాడు, వాళ్ళను ఎల్లకాలం మొయ్యి’ అని దాని భావం. ఎల్లకాలం అన్నది పదో మాట. బామ్ గారు వేలితో చూపకుండా, కళ్ళతోనే ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చి తొమ్మిదో మాట దగ్గర ఆగాడు. గది చుట్టూ ఇంకొకసారి చూశాడు.

“చూద్దాం” అన్నాడు.

ఎనిమిదింపావు అయింది. బయటి గోడ కెమెరా చూపే బొమ్మలో, బయట చెట్టు నీడన ఒక నీలం కారు ఇంజన్ ఆపకుండా నిలిచి ఉండడం లెస్టర్ చూశాడు. ఆ కారు ఆయనకు తెలుసు. ప్రార్థన శాలువా భుజాన ఉండగానే బయటికి నడిచాడు. సాల్ అద్దం దించాడు కానీ దిగలేదు. చిక్కిపోయాడు.

“నీకోసం రాలేదు” అన్నాడు సాల్.

“తెలుసు.”

“రోస్లిన్ కోసం వచ్చాను. ఇరవై నిమిషాల నుంచి దిగడానికి కాళ్ళు రావట్లేదు. ఆ లోపల కూర్చునేవాళ్ళంతా సమాధులు తవ్వేవాళ్ళవుతారు కదా నావల్ల.”

“ఆ రాత తీసేస్తాను సాల్. ఇవాళే తీసేస్తాను.”

“తీసెయ్యమన్నానా? అది నమ్మే రాశావా, అది చెప్పు ముందు.”

లెస్టర్‌కి ఆ క్షణంలో ఒక్క అబద్ధం చాలు. ఎనిమిదిమంది లోపల వాచీలు చూసుకుంటున్నారు. కానీ ఆ మనిషికి అబద్ధం చేతకాదు, వచ్చిన తంటాలన్నీ అందుకే.

“ఆ నవ్వినవాడి గురించి నమ్మాను. ఇప్పుడూ నమ్ముతాను. నీ గురించి నమ్మలేదు. రాసేటప్పుడు కూడా నమ్మలేదు.”

“మరెందుకు రాశావు?”

“వాక్యం బాగా కుదిరింది.”

సాల్ ఇంజన్ ఆపాడు. 

“నా మనవరాలిని కాలేజీలో గేటు దగ్గర అడ్డుకున్నారు, మెడలో యూదుల నక్షత్రం ఉందని. అడ్డుకున్నది నువ్వు ఓటేసే పార్టీ వాళ్ళు. ఈ నవ్వినవాడు కనీసం గేటుకి పోలీసును పెడతానన్నాడు. నీకు ఒక పక్క నుంచి వచ్చే రాళ్ళే కనపడతాయి, నాకు రెండో పక్కవి కనపడతాయి. ఒక్కసారి నా కొట్టుకొచ్చి అడిగుంటే చెప్పేవాణ్ణిగా! నీ గ్యారేజీకి మూడు పూతలు వేశాన్రా నేను. మూడు.”

“తప్పయిపోయింది సాల్.”

“అయింది. పద.”

ఇద్దరూ లోపలికి వచ్చారు.  బామ్ గారు మళ్ళీ మొదటి నుంచి మాట మాటగా పలుకుతూ వచ్చి సాల్ దగ్గర ‘ఎల్లకాలం’ అన్నాడు. ఆ మాట కాస్త గట్టిగానే అన్నాడు. లెస్టర్ గోడ మీది దీపం వైపు చూసి, విన్నావా అన్నట్టు తల ఊపాడు.

అప్పుడు ముందు వరసలో ఆల్విన్ టైటెల్ లేచి శాలువా మడవడం మొదలుపెట్టాడు. ఎనభై నాలుగేళ్ళ మనిషి. తల్లి కడుపులో ఉండి సముద్రం దాటాడు. ఆవలి ఒడ్డున ఉండిపోయిన తన వాళ్ళలో నాజీల చేతిలో ఒక్కరూ మిగల్లేదు. ఆయనకు కంప్యూటర్ లేదు. కాఫీ బల్ల మీది పది కాపీల్లో ఒకటి ప్రతి వారం ఆయనదే.

“ఆల్విన్, ఎక్కడికి?” అన్నాడు బామ్ గారు.

ఆల్విన్ పర్సులోంచి నాలుగు మడతల కాగితం ఒకటి తీశాడు. మడతల దగ్గర చిరిగి ఉంది.

“ఇది నేను తొమ్మిది నెలలుగా దగ్గర పెట్టుకు తిరుగుతున్నాను. మా తాతలకు సమాధులే లేవు లెస్టర్. ఈ కాగితమే వాళ్ళకు సమాధి అనుకున్నాను. ఈ కప్పు కింద వాడు ఉంటే నేను ఉండకూడదని నువ్వే రాశావు.”

“తప్పు రాశాను ఆల్విన్! సాల్ అలాంటివాడు కాడు. నీకు తెలియదా? నాకు తెలిసీ రాశాను.”

“తెలిసీ రాశావా?” ఆల్విన్ ఆ కాగితాన్ని లెస్టర్ ముందుకు చాపాడు. “నీకు పదోవాడు కావలసిన రోజున అది తప్పయిందా? రోస్లిన్ దేవత, నాకు తెలుసు. కానీ నేను ఉండలేను. చేతకాదు నాకు.”

“నీ కాళ్ళు పట్టుకుంటాను. పది నిమిషాలు. ఆమె అడిగింది ఇదొక్కటే. ఆల్విన్!”

ఆల్విన్ కళ్ళు తుడుచుకున్నాడు. కాగితాన్ని బెంచీ మీద పెట్టి, కర్ర ఆనించుకుంటూ తలుపు దాకా నడిచి, అంకెల తాళం తనంతట తనే తీసుకుని వెళ్ళిపోయాడు. లెస్టర్ వెనకే పరుగెత్తాడు. వీధి మలుపు దాకా బతిమాలుతూ పక్కనే నడిచాడు. ముసలాయన ఆగలేదు, తిరిగి చూడలేదు.

లెస్టర్ తిరిగి వచ్చేసరికి సాల్ నిలబడి ఉన్నాడు.

“నేను పోతాను. పరుగెత్తి చెప్పు, నేను పోయానని. వస్తాడు.”

“కూర్చో సాల్” అన్నాడు బామ్ గారు నీరసంగా. “నువ్వు పోయి ఆయన వచ్చినా తొమ్మిదే. ఆయన పోయి నువ్వున్నా తొమ్మిదే.”

ముందు నుయ్యి, వెనక గొయ్యి. సాల్‌తోపాటు మానేసిన ఆ ముగ్గురికీ ఈసారి బామ్ గారే ఫోన్ చేశాడు. ఎవరూ ఎత్తలేదు. వీధిలో పోయేవాళ్ళలో యూదులెవరైనా ఉన్నారేమోనని ఒకాయన అరగంట గుమ్మంలో నిలబడి వచ్చాడు. చేతులు కాలాక పట్టుకోవడానికి ఆకులైనా ఉండాలిగా, బ్రాడ్‌విక్‌లో అవి కూడా మిగల్లేదు. తొమ్మిదిన్నరకి బామ్ గారు ప్రార్థన మొదలుపెట్టాడు. కద్దీష్ రావలసిన చోట లెస్టర్ అలవాటుగా లేచి నిలబడ్డాడు. బామ్ గారు పేజీ తిప్పేశాడు. లెస్టర్ తెరిచిన నోటితో అలాగే కూర్చుండిపోయాడు.

ఒక్కొక్కరే వచ్చి ఆయన చెయ్యి నొక్కి వెళ్ళారు. తేనె కేకు ఎవరూ అడగలేదు, ఆయన కొయ్యలేదు. చివరికి సాల్ మిగిలాడు. వచ్చి పక్కన కూర్చున్నాడు.

“పిట్స్‌బర్గ్ తీసుకెళ్తాను. మధ్యాహ్నం ప్రార్థనకి అందుకుంటాం. అక్కడ వందమంది ఉంటారు.”

“వాళ్ళలో ఆమెను ఎరిగినవాళ్ళెవరు?”

 బెంచీ మీద ఆల్విన్ వదిలేసిన కాగితాన్ని లెస్టర్ తీసి విప్పాడు. తన అక్షరాలే. కాగితం అంతా శుభ్రంగా ఉంది, చివరి వాక్యం దగ్గర మాత్రం పెన్సిల్ గీత ఉంది. ఒక్క క్షణం ఆయనకు అది రోస్లిన్ గీతే అనిపించింది. తరువాత అద్దాలు సవరించుకుని చూశాడు.

“కొట్టేశాడా?” అన్నాడు సాల్ వంగి చూస్తూ.

“లేదు. కింద గీశాడు.”

రోస్లిన్ అయితే అదే వాక్యానికి తన పెన్సిల్‌తో అడ్డంగా గీసి ఉండేది. లెస్టర్ జేబులన్నీ తడుముకున్నాడు. “పెన్సిల్ ఉందా సాల్?” అన్నాడు. సాల్ కూడా తన జేబులు వెతికాడు. ఇద్దరి దగ్గరా లేదు.